లేచే ఉన్నాం, షెంకిన్

పోర్త్ ఓడిన్ రేవులో సున్నపు బట్టీ దగ్గర చీకటి పడ్డాక ఎవరూ ఆగరు. వాన కుండపోతగా కురుస్తున్నా సరే, దాని కమాను కింద తల దాచుకోరు. ఈ సంగతి మా ఊళ్ళో చంటిపిల్లలకి కూడా తెలుసు. తెలియనిదల్లా బయటినుంచి వచ్చేవాళ్ళకే. వాళ్ళేమో సముద్రానికీ కొండకీ గొర్రెలకీ ఫొటోలు తీసుకుని, చివరికి ఆ బట్టీ ముందు పళ్ళికిలించి నిలబడి ఇంకొకటి తీసుకుంటారు. తీసుకోనీండి. పగలు దాంతో ఏ భయమూ లేదు.

రాత్రి మాత్రం... రాయి వెచ్చగా ఉంటుంది.

ఆ బట్టీలో నిప్పు ఆరిపోయి నూరేళ్ళు దాటింది. అయినా వెచ్చగా ఉంటుందంటారు. నేను ముట్టుకుని చూడలేదు, నాకంత సరదా లేదు. మూడేళ్ళ కిందట సైకిలు మీద వచ్చిన ఒకాయన చూశాడు. కమాను కింద గుడారం వేసుకుని పడుకున్నాడు. అర్ధరాత్రి గుడారం, సైకిలు, బూట్లు అన్నీ వదిలేసి, వట్టి మేజోళ్ళతో ఊళ్ళోకి పరిగెత్తుకొచ్చాడు.

"కళ్ళు మూసినప్పుడల్లా ఎవరో గోడ మీద కొడుతున్నారండీ..." అన్నాడు. "మూడేసి దెబ్బలు."

కూర్చోబెట్టాం. టీ ఇచ్చాం.

నన్ను ఊరంతా కత్తెర డిలిస్ అంటారు. డిలిస్‌లు మా ఊళ్ళో నలుగురున్నారు, పని పేరు తగిలించకపోతే ఎవరిని పిలిచారో తెలీదు. నేను ఇల్లిల్లూ తిరిగి జుట్టు కత్తిరిస్తాను. తల నా చేతిలో పెట్టాక అబద్ధాలు చెప్పేవాళ్ళు తక్కువ. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో సగం నేను చూసింది. సగం మా ఊరి టెగ్వెన్ నోట విన్నది. చివరి ముక్క మాత్రం... ఉండండి, అది చివర్లోనే చెప్తాను.

ముందు షెంకిన్ సంగతి తెలియాలి.

మా ముత్తాతల కాలంలో ఆ బట్టీ రాత్రింబవళ్ళు మండేది. పడవల్లో సున్నపురాయి వచ్చేది, బొగ్గు వచ్చేది. రాయి కాల్చి, సున్నం పొలాలకి తోలుకుపోయేవాళ్ళు. చలి రోజుల్లో ఇల్లూ వాకిలీ లేనివాళ్ళు, దారిన పోయేవాళ్ళు వెచ్చగా ఉంటుందని ఆ బట్టీ అంచున పడుకునేవాళ్ళు. చావు అక్కడే ఉండేది. ఆ బొగ్గు గాలికి వాసన ఉండదు, దగ్గు రాదు. హాయిగా నిద్ర పడుతుంది... అంతే. మళ్ళీ లేవరు.

అందుకని బట్టీ కాపలా షెంకిన్‌కి ఇంకో పని కూడా ఉండేది. గంటకోసారి లేచి, పార తిరగేసి గోడ మీద మూడు దెబ్బలు కొట్టాలి. "లేవండర్రా! లేచి అవతలికి జరగండి!" అని అందర్నీ లేపాలి. ఏళ్ళ తరబడి లేపాడు. ఎంతమంది ప్రాణాలు నిలబెట్టాడో లెక్కే లేదు.

ఒక నవంబరు రాత్రి షెంకిన్‌కే నిద్ర పట్టేసింది.

తెల్లారి చూస్తే... ఒక తల్లి, ఆరేళ్ళ కొడుకు. చేతులు పట్టుకుని పడుకున్నవాళ్ళు పడుకున్నట్టే ఉన్నారు. తల్లి ఉన్ని శాలువా మడతల్లో ఒక చంటిపిల్ల. గాలి తగిలే వైపు ఉంది కాబట్టి అదొక్కతే బతికింది. దాన్ని ఎవరో పిల్లల్లేని దంపతులు తీసుకుని ఓడెక్కేశారట. ఎక్కడికి వెళ్ళారో మా ఊళ్ళో ఎవరికీ తెలీదు.

షెంకిన్ ఆ తర్వాత మంచం ఎక్కలేదు. బట్టీ మూతపడ్డాక కూడా రాత్రిళ్ళు వెళ్ళి, ఆ ఖాళీ బట్టీ గోడని పారతో కొడుతూనే ఉండేవాడు. ఒక పొద్దున అక్కడే చచ్చిపడి ఉన్నాడు. పార చేతిలోనే ఉంది.

మనిషి పోయాడు. దెబ్బలు మాత్రం పోలేదు.

అప్పటినుంచీ మా ఊరికి ఒక పద్ధతి వచ్చింది. చీకట్లో బట్టీ దాటాల్సి వస్తే, చేతిలో ఏదుంటే దాంతో రాయి మీద మూడుసార్లు తట్టాలి. "లేచే ఉన్నాం, షెంకిన్. నువ్వు పడుకో" అనాలి. ఆగకూడదు. వెనక్కి చూడకూడదు. లోపలినుంచి మూడు దెబ్బలు వినపడ్డా సరే, అదే మాట ఇంకోసారి చెప్పి సాగిపోవాలి. మా నాయనమ్మ అలా చేసింది, మా అమ్మ చేసింది, నేనూ చేశాను. ఆ పద్ధతే కిందటి నవంబరులో ఒక నిండు ప్రాణం తీయబోయింది.

టెగ్వెన్ ఇల్లు ఊరి చివర, గుట్ట మీద ఉంటుంది. మొగుడు పోయాక పై గదిని ఊరు చూడ్డానికొచ్చేవాళ్ళకి అద్దెకిస్తోంది. అరవై మూడేళ్ళు, మోకాళ్ళ నొప్పులు, నోరు మాత్రం చురుకు. చలికాలం ఆ గదికి ఎవరూ రారు. అలాంటిది, నవంబరులో ఒక అమ్మాయి దిగింది. పేరు నెలీడా. పటగోనియా నుంచి వచ్చింది. నూట యాభై ఏళ్ళ కిందట మావాళ్ళు కొందరు ఓడల్లో వెళ్ళి అర్జెంటీనా అడుగున ఊళ్ళు కట్టుకున్నారే, అక్కడ బడిపంతులమ్మ.

ఆ పిల్ల మాట వినాలి మీరు! మా భాషే, కానీ మా నాయనమ్మలతో పోయిన మాటలన్నీ దాని నోట్లో బతికున్నాయి. పైన స్పానిష్ రాగం ఒకటి. అంగట్లో నోరు విప్పితే ముసలాళ్ళు కొనాల్సింది మర్చిపోయి నిలబడిపోయేవాళ్ళు.

"మావాళ్ళది ఈ తీరమేనట ఆంటీ. ఏ ఊరో మాత్రం మా అమ్మమ్మకే తెలీదు. అందుకే ఒక్కో ఊరూ నడిచి చూస్తున్నా" అంది టెగ్వెన్‌తో.

"చూడు, చూడు. ఊళ్ళన్నీ ఒక్కలాగే ఉంటాయి. వాన, గొర్రెలు, మూసేసిన చర్చి" అంది టెగ్వెన్.

మొదటి రాత్రి టెగ్వెన్ దీపం ఆర్పి పడుకుంది. ఇల్లంతా నిశ్శబ్దం. అంతలో—

టక్... టక్... టక్.

పైనుంచి. మూడు.

"గుండె ఆగిందనుకున్నానే డిలిస్" అని నాతో చెప్పింది తర్వాత. "దుప్పటి నోట్లో కుక్కుకున్నా. షెంకిన్ బట్టీ వదిలేసి నా ఇంట్లోకి వచ్చాడనుకున్నా."

పొద్దున టీ పోస్తూ, రాత్రి ఆ చప్పుడేమిటని అడిగింది. నెలీడా పకపకా నవ్వింది. "అయ్యో, భయపెట్టానా? అది మా ఇంటి అలవాటు ఆంటీ. పడుకోబోయే ముందు మంచం తలకట్టు మీద మూడుసార్లు తడతాం. అమ్మమ్మ తట్టేది, వాళ్ళమ్మ తట్టేదట. ఎందుకో ఎవరికీ తెలీదు."

టెగ్వెన్ కూడా నవ్వేసింది. నవ్వి ఆ సంగతి మర్చిపోయింది.

మూడో రోజు మధ్యాహ్నం నెలీడా ఎర్ర కోటు తొడుక్కుని సముద్రం పక్క దారిన నడవడానికి వెళ్ళింది. "చీకటి పడేలోపు వచ్చెయ్. రాత్రికి కౌల్ కాస్తున్నా" అని కేకేసింది టెగ్వెన్. గొర్రెమాంసం, లీక్ అనే లావుపాటి ఉల్లికాడలు వేసి ఆవిడ కాచే ఆ చారు కోసం ఎవరైనా పరిగెత్తుకొస్తారు.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. చెప్పాలంటే సిగ్గేస్తోంది, అయినా చెప్తా.

ఆ సాయంత్రం నాలుగున్నరకి నేను రేవు అవతల ఒకావిడకి తల దువ్వి, కింది దారిన వస్తున్నాను. మా దగ్గర నవంబరులో నాలుగున్నరంటే చీకటే. గాలి. అలల మోత. బట్టీ దగ్గరికొచ్చేసరికి—

టక్. టక్. టక్.

రాతి లోపలినుంచి.

నా జన్మలో అప్పటిదాకా వినలేదు. తాళాల గుత్తితో గోడ మీద మూడు తట్టాను. "లేచే ఉన్నాం షెంకిన్, నువ్వు పడుకో" అన్నాను. ఇంకా పది అడుగులు వేశానో లేదో, వెనకనుంచి మళ్ళీ— టక్. టక్. టక్. నేను వెనక్కి చూడలేదు. సంచీ చంకన పెట్టుకుని పబ్బుదాకా ఒకటే పరుగు.

ఎవరికీ చెప్పలేదు. ఒక గ్లాసు బ్రాందీ తాగి మూల కూర్చున్నాను.

ఆరున్నరకి పీతల ఎమ్లిన్ వచ్చాడు. పడవ కట్టేసి, బట్టీ మీదుగానే వచ్చాడట. మొహం పాలిపోయి ఉంది, నోరు మాత్రం తగ్గలేదు. "ఏమైందర్రా ముసలాడికి ఇవాళ? మూడు కొట్టి ఊరుకోడే! మూడు, మళ్ళీ మూడు, మళ్ళీ మూడు... పోర్త్ ఓడిన్ మొత్తాన్ని లేపేట్టున్నాడు!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఒంటరిగా విన్నది పదిమందిలో వింటే అంత భయం వెయ్యదు.

"నేనూ విన్నా" అన్నాను. "నాలుగున్నరకి."

నవ్వు కాస్త తగ్గింది. సరిగ్గా అప్పుడే తలుపు తీసుకుని టెగ్వెన్ లోపలికొచ్చింది. తలమీద గుడ్డైనా లేదు, జుట్టంతా వానకి తడిసి ఉంది.

"మా పిల్ల ఇంకా రాలేదు. ఎర్ర కోటు... ఎవరైనా చూశారా?"

టెగ్వెన్ ఒక్కొక్కరి మొహం చూసింది. ఎమ్లిన్ గ్లాసు కింద పెట్టాడు. ఎవరో నెమ్మదిగా చెప్పారు, బట్టీ దగ్గర దెబ్బలు వినపడుతున్నాయని, నాలుగున్నర నుంచీ అని.

టెగ్వెన్ అందుకుంది. "షెంకిన్ మూడే కొడతాడు. నా చిన్నప్పటినుంచీ మూడే. రెండు గంటలపాటు కొడుతూ కూర్చునేది దెయ్యం కాదర్రా... మనిషి!"

టెగ్వెన్ నావైపు తిరిగింది.

"ఆ బట్టీ పైన, రాళ్ళు పోసే గుంత చుట్టూ ఉన్న కంచె కిందటి గాలివానకి పడిపోయింది. పైదారిన వెళ్ళి, అంచున కాలుపెట్టి ఉంటుంది. లోపల పడిపోయి, బతికించమని కొడుతుంటే, మీరేమో పడుకో అని చెప్పి వచ్చారా?"

"తీర రక్షణవాళ్ళకి ఫోన్ చేస్తా" అన్నాడు ఎమ్లిన్. "గంటలో వస్తారు. వాళ్ళతో కలిసి వెళ్దాం."

"గంట! ఈ చలికి గంట ఆగుతుందా?"

"మరి... అది నిజంగా షెంకినే అయితే?" అన్నాడు, కళ్ళు దించుకుని. తుఫానులో పడవేసుకుని వెళ్ళే మనిషి వాడు. ఫోన్ తీశాడే కానీ గుమ్మం వైపు అడుగు వెయ్యలేదు.

టెగ్వెన్ ఇక ఆగలేదు. గోడకున్న టార్చి లాక్కుని వెళ్ళిపోయింది. ఆవిడ వెనకాల నేను పడ్డాను. ధైర్యం వచ్చి కాదు, ఆ పబ్బులో ఇంకొక్క క్షణం కూర్చోలేక.

గొర్రెల కంచె దాటడానికి ఒక కర్రమెట్టు ఉంది. దాని అవతల దారి కిందికి, రేవులోకి దిగుతుంది. అక్కడిదాకా వెళ్ళగలిగాను. కింద చీకట్లోంచి గాలితోపాటు వినపడింది. టక్. టక్. టక్. నా కాళ్ళు అక్కడే పాతుకుపోయాయి. ఎంత తిట్టుకున్నా కదల్లేదు.

"నువ్విక్కడే ఉండు. నేను కేకేస్తే పరిగెత్తి చెప్పు" అంది టెగ్వెన్. మెట్టు దాటింది. టార్చి వెలుతురు ఊగుతూ ఊగుతూ కిందికి వెళ్ళిపోయింది. ఇక్కడినుంచి ఆవిడ చెప్పిందే చెప్తున్నాను.

దిగేకొద్దీ దెబ్బలు దగ్గరయ్యాయి. మూడు. ఊపిరి తీసుకునేంత సేపు. మళ్ళీ మూడు. బట్టీ చీకట్లో నల్లగా, నోరు తెరుచుకుని నిలబడి ఉంది. టెగ్వెన్‌ అరవై ఏళ్ళుగా ఆగకూడదని నేర్చుకున్న చోట... ఆగింది.

దెబ్బలూ ఆగిపోయాయి.

"ఆ నిశ్శబ్దం, డిలిస్... దెబ్బలే నయం" అంది.

గోడ పట్టుకుంది. వెచ్చగా ఉంది. రొట్టె తీసిన కాసేపటికి పొయ్యి ఎలా ఉంటుందో అలా. చెయ్యి వెనక్కి లాక్కుంది.

"నెలీడా!" గుసగుసగానే వచ్చింది మాట. "నెలీడా, తల్లీ!"

జవాబు లేదు. కమాను కిందికి వంగి, సున్నం బయటికి లాగే కన్నంలోకి వెలుతురు వేసింది. రాళ్ళు... ముళ్ళకంప... అంతే. ఇక మిగిలింది పైకెక్కడమే. ఆ మోకాళ్ళతో, తడిగడ్డి పట్టుకుని, పక్క గుట్ట మీదుగా బట్టీ పైనోటిదాకా పాకింది. అంచున బోర్లా పడుకుని కిందికి చూసింది.

లోపల, మూడు నిలువుల లోతున, ఎర్రగా ఏదో ఉంది.

రాళ్ళలో భుజాలదాకా కూరుకుపోయి ఉంది నెలీడా. మొహం తెల్లగా సున్నంలా ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. పిల్ల చచ్చిపోయిందే అనుకుంది టెగ్వెన్. అంతలో పెదాలు కదిలాయి.

"పడుకోలేదు..." అంటోంది. "పడుకోలేదు... లేచే ఉన్నా... లేచే ఉన్నా..."

టెగ్వెన్ పెట్టిన కేక నాకు గుట్టమీద వినపడింది. అంతదాకా కదలని కాళ్ళు ఎలా కదిలాయో, పరిగెత్తాను. ఎమ్లిన్ ముందే ఫోన్ చేసి ఉన్నాడు కాబట్టి తాళ్ళతో మనుషులు త్వరగానే వచ్చారు. వాళ్ళు వచ్చేదాకా టెగ్వెన్ ఆ అంచు మీదే పడుకుని, గుర్తొచ్చిన కబుర్లన్నీ గట్టిగా చెబుతూనే ఉంది, పిల్ల నిద్రపోకుండా.

ఇంకో అరగంట ఆలస్యమైతే దక్కేది కాదని ఆస్పత్రిలో అన్నారు. రాళ్ళు వెచ్చగా ఉన్నాయని పిల్ల అంటోందంటే, చలికి ఒళ్ళు గడ్డకట్టేవాళ్ళకి ఆఖర్న అలాగే అనిపిస్తుందన్నారు. మరి టెగ్వెన్ చేతికెందుకు వెచ్చగా తగిలిందంటే, మంచులాంటి చేతికి ఏదైనా వెచ్చగానే ఉంటుందన్నారు. సరే అనుకున్నాం. దెబ్బలు కొట్టింది నెలీడాయే అనుకున్నాం, లోపల ఇంకెవరున్నారు కనక. ఊరంతా తల దించుకుంది. ఇన్నేళ్ళూ లేని దెయ్యానికి భయపడ్డాం, బతికున్న పిల్లని మా చేతులారా చంపేసేవాళ్ళం. ఎమ్లిన్ వారం రోజులు పబ్బు మొహం చూడలేదు. నేను రాత్రిళ్ళు లేచి కూర్చునేదాన్ని. నువ్వు పడుకో అన్నాను చూడండి... ఆ మాట చెవుల్లోంచి పోయేది కాదు.

పది రోజులకి నెలీడాని టెగ్వెన్ ఇంటికి తెచ్చారు. రెండు చేతులకీ భుజాలదాకా కట్లు, దువ్వుకోలేదు. జుట్టు కడగడానికి నన్ను పిలిచారు. వెళ్ళడానికే సిగ్గు. వెళ్ళాను. గోరువెచ్చని నీళ్ళు పోస్తూ, కళ్ళ నీళ్ళు ఆగక, నోరు తెరిచి చెప్పేశాను.

"నన్ను క్షమించు తల్లీ. నువ్వు కొడుతుంటే విని కూడా వెళ్ళిపోయాను."

నెలీడా తలెత్తి నన్ను చూసింది. "నేనెక్కడ కొట్టాను?"

"గోడ మీద... రాయితో..."

"ఈ చేతులతోనా?" అంది. "పడ్డప్పుడే రెండూ విరిగాయి. పైన రాళ్ళు పడ్డాయి. వేలు కూడా కదపలేకపోయా ఆంటీ."

నా చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. గుమ్మంలో టెగ్వెన్ నిలబడి ఉంది.

"మరి... ఎవరు?" అన్నాను.

"అక్కడున్నాయనే. మీ ఊరాయనే అనుకున్నా. నా వెనకాల ఎక్కడో ఉన్నాడు, కనపడలేదు. హాయిగా వెచ్చగా ఉంది, నిద్ర ముంచుకొచ్చేస్తోంది. కళ్ళు మూతపడితే చాలు, టక్ టక్ టక్. మా అమ్మమ్మ మంచం మీద తట్టినట్టే. ‘లే అమ్మా, లే’ అనేవాడు. విసుగొచ్చి తిట్టాను కూడా. ‘లేచే ఉన్నా’ అంటే అప్పుడు కాసేపు ఊరుకునేవాడు."

టెగ్వెన్ వచ్చి కుర్చీలో కూలబడింది. ఓడెక్కి వెళ్ళిపోయిన ఆ చంటిపిల్ల సంగతి ఆవిడకీ నాకూ ఒక్కసారే తట్టింది. ఎందుకో తెలీకుండా, తరతరాలుగా పడుకోబోయే ముందు మంచం మీద మూడుసార్లు తట్టే ఇల్లు...

"నేను వచ్చినప్పుడు ఆగిపోయాయి దెబ్బలు" అంది టెగ్వెన్ మెల్లగా. "అప్పుడేమైనా అన్నాడా?"

నెలీడా తల తిప్పి ఆవిడ వైపు చూసింది, తడి జుట్టు నా చేతుల్లోనే ఉంది.

"మీ టార్చి వెలుగు పడగానే పార కింద పడేసిన చప్పుడు వినపడింది. చాలా అలిసిపోయినట్టు ఊపిరి వదిలాడు. ‘ఈసారి నేను నిద్రపోలేదమ్మా’ అన్నాడు. ఏడుస్తున్నాడు ఆంటీ."

అది జరిగి ఏడాదైంది. ఆ రాత్రి తర్వాత బట్టీలోంచి ఎవరికీ ఏమీ వినపడలేదు. అయినా చీకట్లో అటు వెళ్ళాల్సి వస్తే నాకు ఇప్పటికీ భయమే. గోడ మీద మాత్రం తట్టను. ఊళ్ళో ఎవరూ తట్టడం లేదు. తాళాలు చప్పుడు కాకుండా గుప్పిట్లో పట్టుకుని, అడుగులో అడుగేసుకుంటూ దాటేస్తాం, ఆయన పడుకున్నాడని.